అరుగు మీది నిమ్మచెట్టు

మొన్న మా కోడలు కడియం నర్సరీల వైపు వెళ్ళి వస్తూ ఒక నిమ్మ మొక్క తెచ్చింది. నల్ల ప్లాస్టిక్ కుండీలో మోకాలెత్తు మొక్క. అప్పుడే దానికి నాలుగు కాయలు. అమలాపురంలో మేముండే ఈ మేడ మీద ఎండ బాగా తగిలే మూల చూసి పెట్టింది. వారం తిరగకుండా కింది ఆకులు పసుపు తిరిగాయి.

"అత్తయ్యగారూ, ఆకులు రాలిపోతున్నాయండి. కాస్త యూరియా వెయ్యమంటారా?" అంది.

"వద్దు" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. పక్క మేడ మీద బట్టలు ఆరేసుకుంటున్న ఆవిడ కూడా ఇటు తిరిగి చూసింది.

"ఏంటండీ, అంత కంగారుపడ్డారు?"

ఏం చెప్పను? అరవై దాటిన మనిషి, నలుగురు మనవల్ని ఎత్తిన మనిషి, ఒక నిమ్మాకు పసుపు తిరిగితే గుండె దడ తెచ్చుకుందంటే నవ్వుతారు. నీళ్ళు తగ్గించమని మాత్రం చెప్పి కిందికి వచ్చేశాను. ఆ పూట అన్నం సయించలేదు. నిమ్మాకు రాలిందంటే ఇంట్లో ఎవరికో ఏదో అవబోతోందని నాకు పదేళ్ళప్పుడు పట్టుకున్న భయం. ఆ తర్వాత ఎన్ని తెలుసుకున్నా అది వదల్లేదు.

అప్పట్లో మేం రాజోలు అవతల, వశిష్ఠ గట్టుకి దగ్గరగా ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న పక్క ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. మా పేటలో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఇద్దరు ముగ్గురిలో ఆయన ఒకరు. నాన్న వాళ్ళమ్మని మామ్మ అనేదాన్ని. ఆవిడ మోకాళ్ళు పనిచేసినంత కాలం రైతుల చేలల్లో ఊడ్పులకీ కోతలకీ వెళ్ళింది. కొడుకు మాస్టారయ్యాక మానెయ్యమంటే, "ఊరికే కూచుంటే తిన్నది అరగద్దా?" అని ఇంకో నాలుగేళ్ళు వెళ్ళింది.

రెండు గదుల పెంకుటిల్లు మాది. ముందు మట్టి అరుగు. ఆ అరుగు చివర, పశువులకి కుడితి పోసే పెద్ద మట్టి గోలెం ఒకటి ఉండేది. మా గోలెంలో కుడితి లేదు, నిమ్మచెట్టు ఉంది. దాదాపు నా ఎత్తు.

నిమ్మని గోలెంలో ఎందుకు పెట్టారని కొత్తగా వచ్చినవాళ్ళంతా అడిగేవారు. మా పెరట్లో రెండడుగులు తవ్వితే నీళ్ళు ఊరేవి. కొబ్బరికీ అరటికీ అంతకంటే మంచి నేల లేదు. నిమ్మకి మాత్రం వేళ్ళు నానితే కుళ్ళే. కానీ ఈ చెట్టు గోలెంలో ఉండడానికి అసలు కారణం వేరు. అది గోలెంతో పాటే మా ఇంటికి వచ్చింది.

మా అమ్మ పుట్టింది గోదావరి మధ్య ఒక లంకలో. ఏటా వరదకి ఆ లంక కొంచెం కొంచెం కోసుకుపోతూ ఉండేది. నాకు మూడేళ్ళప్పుడు ఆ కోత వాళ్ళ పెరట్లో నిమ్మచెట్టు దాకా వచ్చిందట. చెట్టుని కాపాడడం తనవల్ల కాదని తెలిసి, మా తాతయ్య ఒక కొమ్మకి అంటు కట్టాడు. అది వేరు పట్టాక గోలెంలో పెట్టుకుని పడవ మీద తెచ్చి మా అరుగు మీద దింపాడు.

"ఇల్లెలాగూ నిలవదమ్మా. ఇది నీ దగ్గరుంచు" అన్నాడట.

ఆ మరుసటేడు లంకలో ఉన్న తల్లిచెట్టు పోయింది, ఆపై ఏడు ఇల్లు పోయింది. ఇంకో రెండేళ్ళకి తాతయ్యా పోయాడు. ఒకసారి అమ్మ నన్ను గట్టు మీదికి తీసుకెళ్ళి, నీళ్ళలోకి వేలు చూపించి, "అదిగో, అక్కడే మా వంటిల్లు" అంది. నాకు నీళ్ళే కనిపించాయి. ఎవరో చేపల పడవ ఆ వంటింటి మీదుగా తాపీగా పోతోంది.

అమ్మ ఆ చెట్టుని చూసుకునే పద్ధతి నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. పొద్దున్నే మొహం కడుక్కోగానే గోలెం దగ్గరికి వచ్చి, చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చేది. వేలికి తడి అంటితే నీళ్ళు పోసేది కాదు. పొడిగా వస్తేనే పోసేది, అదీ చెంబుడు. తర్వాత ఆకుల్ని తిరగేసి పురుగులకోసం వెతికేది. నిమ్మకి ఒక రకం గొంగళిపురుగు పడుతుంది. చిన్నప్పుడు కాకిరెట్టలా ఉండి ఎవరికీ కనపడదు, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి రెండ్రోజుల్లో కొమ్మ మొత్తం తినేస్తుంది. వాటిని పుల్లతో తీసి కోళ్ళకి వెయ్యడం నా పని.

అన్నీ వేసేదాన్ని కాదు. ఒకదాన్ని అగ్గిపెట్టెలో దాచి బడికి తీసుకెళ్ళాను. దాన్ని వేలితో తాకితే తల మీదనుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి పెట్టి ఘాటుగా కుళ్ళు నిమ్మకాయ వాసన వదిలేది. తరగతిలో పదిసార్లు తాకాను. మా టీచరుగారు ముక్కు ఎగబీల్చి, "నిమ్మకాయలు తింటున్నదెవరు?" అని బెత్తం తీసుకుని అందరి నోళ్ళూ తెరిపించి చూశారు.

ఆ చెట్టు వల్ల మా ఇంటికొక వాసన ఉండేది. అమ్మ మజ్జిగలో రెండు ఆకులు చించి వేసేది. మామ్మ మెత్తళ్ళనే చిన్న ఎండుచేపలు వేయించుకుని, మీద నిమ్మకాయ పిండుకుని, చద్దన్నంలో నంజుకునేది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు నలుగురైదుగురు మా అరుగు మీద చేరేవారు. అమ్మ అందరికీ నిమ్మకాయ నీళ్ళు కలిపిచ్చేది. వాళ్ళు మాట్లాడుకునే మాటలన్నీ నేను గోలెం వెనక కూర్చుని వినేదాన్ని. లేత ఆకు ఒకటి తుంచి ఉప్పుకల్లుతో నములుతూ వినడం మరీ బాగుండేది.

అలా విన్న మాటల్లోనే అమ్మకి మళ్ళీ నెల తప్పిందని తెలిసింది. నా తర్వాత అమ్మకి ఒక బిడ్డ నిలవలేదని కూడా అప్పుడే తెలిసింది.

"ఈసారైనా ఆ దేవుడు దయ చూడాలండి" అంది ఒకావిడ.

"ఆయ్" అంది మామ్మ. గ్లాసులు కింద పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆ రోజు నుంచి నాకు అమ్మని చూస్తే భయం వేసేది. ఆవిడ బిందె ఎత్తితే భయం, గడప దాటితే భయం, దగ్గితే భయం.

అమ్మకి వాంతులు పట్టుకున్నాయి. అందరికీ మూడు నెలల్లో తగ్గుతాయంటారు, ఆవిడకి ఏడో నెల వచ్చినా తగ్గలేదు. పోపు వాసన పడదు, చేపల వాసన పడదు, చివరికి ఉడుకుతున్న అన్నం వాసన కూడా పడదు. ఒక్క నిమ్మాకు వాసనే ఆవిడకి పడేది. ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఓ పది నిమిషాలు కుదుటపడి, రెండు ముద్దలు మింగేది. ఎదురింటి వాళ్ళు వాళ్ళ తోటలోంచి నిమ్మాకులు తెచ్చిస్తే వాసన చూసి, "ఇది కాదండి" అని పక్కన పెట్టేసింది. ఆ మాట నేను బాగా గుర్తుపెట్టుకున్నాను. అమ్మకి వేరే ఆకు పనికిరాదు. ఈ చెట్టు ఆకే కావాలి.

వర్షాలు మొదలయ్యాక అమ్మ కాళ్ళు వాచాయి. మంచం దిగకూడదని ఊళ్ళోకి వచ్చే ఆసుపత్రి నర్సమ్మ చెప్పి వెళ్ళింది. ఆ పొద్దున్న అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఇంక నువ్వే చూసుకోవాలి దాన్ని. రోజూ వేలు గుచ్చి చూడు. తడి తగిలితే పొయ్యకు. ఏం?"

"ఆయ్" అన్నాను.

ఒప్పుకున్నానే కానీ ఆ వేలిని నేను నమ్మలేదు. తడి తగిలినట్టే ఉండేది, తగలనట్టూ ఉండేది. బడికి వెళ్ళాక చెట్టు ఎండిపోతోందేమోనని అనుమానం. ఒక చెంబు పోసి వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం అన్నానికి వచ్చి మళ్ళీ ఒక చెంబు. పైన వాన ఎలాగూ పడుతోంది. పది రోజుల్లో ఆకులు పాలిపోయాయి. ఆకుపచ్చ రంగు ఎవరో ఉతికేసినట్టు తగ్గిపోయింది. అమ్మ మంచం మీదనుంచి చెట్టు కనపడదు కాబట్టి ఆవిడకి తెలియదు. నేను ఉన్నవాటిలో బాగున్న ఆకులు ఏరి తీసుకెళ్ళి ఇస్తున్నాను.

మా పేట చివర ఒక రైతుగారి లోగిలి ఉండేది. నిత్యం పొద్దున్నే వాళ్ళింటికి మజ్జిగకి వెళ్ళేదాన్ని. పెరటి గుమ్మంలో నిలబడితే రైతుగారి భార్య వచ్చి, నా గిన్నె మీద ఒక జానెడు ఎత్తునుంచి ధారగా పోసేవారు. మామ్మ ఒకప్పుడు వాళ్ళ చేలల్లో పనిచేసిందే. ఆ రోజుల్లో వాళ్ళ చేలకి యూరియా జల్లుతున్నారు. పాలిపోయిన చేను నాలుగు రోజుల్లో నల్లగా ఎలా తిరుగుతుందో నేను బడికి వెళ్తూ వస్తూ చూశాను. పెరటి పాకలో బస్తా మూతి విప్పి ఉంది. తెల్లగా, గుండ్రంగా, సగ్గుబియ్యంలా ఉన్నాయి గింజలు.

ఒక గురువారం పొద్దున్న, మజ్జిగ తెచ్చేందుకు ఆవిడ లోపలికి వెళ్ళినప్పుడు, రెండు గుప్పెళ్ళు తీసి గౌను జేబులో పోసుకున్నాను. ఇంటికి వచ్చి మొత్తం గోలెంలో వేశాను. మట్టి కప్పి చెంబుడు నీళ్ళు పోశాను. ఆ రోజు బళ్ళో ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. ఆదివారానికల్లా చెట్టు నల్లగా తిరిగిపోతుంది.

ఆదివారానికి ఆకుల చివర్లు మాడాయి. నిప్పు సెగ తగిలినట్టు గోధుమరంగులోకి తిరిగి, లోపలికి చుట్టుకున్నాయి. మందిరం నుంచి వచ్చి చూసేసరికి అరుగు మీద పదిహేను ఇరవై ఆకులు రాలి ఉన్నాయి. ఎవరూ చూడకముందే ఏరి గౌనులో వేసుకుని వెళ్ళి పెరట్లో అరటి బోదెల వెనక పారేశాను. సాయంత్రానికి మళ్ళీ అన్నే. చెయ్యి తగిలితే చాలు రాలుతున్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మ ఆకులు ఎక్కువ అడగడం మొదలుపెట్టింది. అంతకుముందు పూటకి రెండు అడిగేది. ఇప్పుడు గంటగంటకీ అడుగుతోంది. ఇస్తే నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, రెండో చెయ్యి పొట్ట మీద వేసుకుని, పైకప్పు పెంకుల వంక చూస్తూ పడుకునేది. మాట్లాడేది కాదు. పిలిచినా పలికేది కాదు. చెట్టుకి ఏమవుతోందో అదే అమ్మకీ అవుతోందని నాకు అనుమానం వచ్చింది. ఒకసారి వచ్చాక దాన్ని తోసెయ్యడం నా వల్ల కాలేదు.

మంగళవారం అమ్మకి జ్వరం వచ్చింది. వణుకుతోంది. నర్సమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచి, బయటికి వచ్చి నాన్నతో ఏదో చెప్పింది. అమలాపురం పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలన్నారు. రేవు దాకా రిక్షా, అక్కడినుంచి పంటు మీద, అంటే పెద్ద బల్లకట్టు మీద, గోదారి పాయ దాటాలి, తర్వాత బస్సు. గోదారికి వరద నీళ్ళు వస్తున్నాయి, మధ్యాహ్నం తర్వాత పంటు కట్టేస్తారేమోనని నాన్న హడావిడి పడుతున్నారు.

అమ్మని నాన్నా మామ్మా చెరో పక్కా పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చారు. నేను వెళ్ళి గోలెం ముందు నిలబడ్డాను. చేతులు వెనక్కి పెట్టి, ఎంత వెడల్పుగా నిలబడగలనో అంత వెడల్పుగా నిలబడ్డాను.

"నాలుగు ఆకులు కోసి ఇవ్వమ్మా, దారిలో ఉంటాయి" అంది అమ్మ.

వెనక్కి తిరగకుండా చేత్తో తడుముకుని కోశాను. ఏవి బాగున్నాయో నాకు తెలుసు. లోపలి కొమ్మకి మంచివి మూడే మిగిలాయి. నాలుగోది చివర మాడింది, ఆ చివర గోటితో తుంచేసి ఇచ్చాను. అమ్మ వాటిని చీర కొంగున ముడివేసుకుంది. నా వంక కాసేపు చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "మామ్మ చెప్పినట్టు విను" అని రిక్షా ఎక్కింది.

ఆ సాయంత్రం నుంచే పంటు ఆగిపోయింది. నది ఎర్రగా నురగలు కక్కుతూ గట్టుని రాసుకుంటూ పోతోంది. నాన్న దగ్గరినుంచి కబురు లేదు. వచ్చే దారి లేదు. బుధవారం, గురువారం, శుక్రవారం. ఊళ్ళో మగవాళ్ళు వంతులేసుకుని గట్టు కాపలాకి వెళ్తున్నారు. పాస్టరుగారు మా ఇంటికి వచ్చి అమ్మ పేరు పెట్టి ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. మూసుకుంటే దేవుడు నన్నే చూస్తాడని భయం. ఆయనకి ఆ బస్తా సంగతి తెలుసు కదా.

చెట్టుకి ఇంక ముప్పై ఆకులు ఉన్నాయి. లెక్కపెట్టేదాన్ని. ఇరవై రెండు. పదిహేను. సున్నాకి వచ్చిన రోజు కబురు వస్తుందని నిర్ణయించుకున్నాను. ఆ కబురు ఏంటో కూడా నాకు నేనే చెప్పుకున్నాను. ఒకటి రెండు ఆకుల్ని దారంతో కొమ్మకి కట్టాను, రాలకుండా.

ఆ దారం మామ్మ చూసింది.

శనివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుంది.

"ఏమే, మూడ్రోజుల్నించి చూత్తన్నాను. కంచంలో కెలికి లేచిపోతన్నావు. ఆకుకి దారం ఎందుకు కట్టేవు?"

నేను మెతుకుల్ని కంచం అంచుకి తోస్తూ కూర్చున్నాను.

"ఏం చేసేవో చెప్పు. నేను కొట్టను."

చెప్పేశాను. నీళ్ళ సంగతీ, బస్తా సంగతీ, అరటి బోదెల వెనక ఆకుల సంగతీ. ఒక్కటే చెప్పలేదు. అమ్మ చచ్చిపోతుంది, నా వల్లే, అన్న మాట నోటికి రాలేదు.

మామ్మ లేచి అరుగు మీదికి వెళ్ళింది. చెట్టు చుట్టూ తిరిగింది. ఒక కొమ్మని గోటితో గీకింది. బెరడు కింద సన్నగా, తడిగా, ఆకుపచ్చ గీత కనిపించింది.

"ఇటు రా. చూడు. బతికే ఉంది."

"ఆకులన్నీ రాలిపోతున్నాయి కదా మామ్మా."

"రాల్చిందంటే పేణం ఉందనే. చచ్చిన కొమ్మ ఆకుని వదలదు. ఆకు ఎండిపోయి దాన్నే పట్టుకునుంటాది. చేలో ఎరువెక్కువైతే ఏం చేత్తారు? నీళ్ళు పెట్టి తీసేత్తారు. లే, బిందె అట్రా."

గోలెం అడుగున ఉన్న కన్నం మట్టితో బిగుసుకుపోయింది. నేను పోసిన నీళ్ళన్నీ లోపలే నిలిచిపోయాయి. మామ్మ గోలెం ఒక పక్కకి ఒరిగించి నన్ను పట్టుకోమని, ఇనప చువ్వతో ఆ కన్నం పొడిచింది. నల్లటి నీళ్ళు, మురుగు కంపు, అరుగు మీదనుంచి వాకిట్లోకి కాలువ కట్టాయి. తర్వాత నేను చిన్న బిందెతో నూతి దగ్గరినుంచి నీళ్ళు మొయ్యడం, ఆవిడ పొయ్యడం. కిందనుంచి వచ్చే నీళ్ళు తేటపడేదాకా ఆపలేదు. నా భుజం పుండైంది. ఆ నొప్పి నాకు హాయిగా అనిపించింది.

"ఇప్పుడు పద" అంది మామ్మ చేతులు కడుక్కుని. "అడక్కుండా తీసేవు కదా. ఆవిడతో నువ్వే చెప్పాలి."

రైతుగారి పెరటి గుమ్మం దాకా మామ్మ నా వెనకే నడిచింది. ఆవిడ చేటలో బియ్యం ఏరుతున్నారు.

"అమ్మగారండీ, మీ బస్తాలో యూరియా తీసేనండి" అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టారు. "మాస్టారి అమ్మాయివి కదూ. ఎంత తీసేవు?"

"రెండు గుప్పెళ్ళండి."

"దేనికి?"

"నిమ్మచెట్టుకండి. మా అమ్మ వాసన చూడ్డానికండి."

ఆవిడ నా వెనక నిలబడ్డ మామ్మ వంక చూశారు. మామ్మ తల వంచుకుని, "ఆయ్, కోడలు ఆసుపత్రిలో ఉందండి. కబురు లేదండి" అంది.

"గోలెంలో చెట్టుకి చిటికెడే ఎక్కువ" అన్నారు ఆవిడ. లేచి, పశువుల పాక వెనక్కి వెళ్ళి, బాగా మాగిన పేడ ఎరువు ఒక తట్టలో వేసుకుని వచ్చారు. నాకు ఇస్తారనుకుని చేతులు చాచాను. "నువ్వు మొయ్యలేవు, పద" అని తనే నడుమున పెట్టుకుని మా వెంట బయల్దేరారు. అంతకుముందు ఆవిడ మా వాకిట్లో అడుగుపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఎదురింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఆవిడ ఎవరినీ చూడకుండా గోలెం ముందు గొంతుక్కూర్చుని, పై మట్టి తీసి ఇసుకా పేడ ఎరువూ కలిపి పోసి, చేత్తో అదిమారు. మామ్మ మంచినీళ్ళు ఇవ్వాలా వద్దా అన్నట్టు గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడే లేచి, "ఆ నీళ్ళిటియ్యి" అని తీసుకుని తాగారు. వెళ్తూ వెళ్తూ, "నెల్రోజులు దాని జోలికెళ్ళకు. చూత్తా కూచోకు" అని నాతో చెప్పారు.

చూస్తూనే కూర్చున్నాను. ఆదివారం చివరి ఆకు రాలింది. కబురు రాలేదు. సోమవారం పంటు కదిలింది. మధ్యాహ్నం బడి వదిలేసరికి నాన్న గడప దగ్గర నిలబడి ఉన్నారు, చెప్పులు విప్పకుండా.

"అమ్మకి తగ్గింది. పది రోజుల్లో పంపుతారు" అన్నారు నాతో.

తర్వాత మామ్మ వైపు తిరిగి, గొంతు తగ్గించి, "బిడ్డ దక్కలేదమ్మా" అన్నారు.

మామ్మ అరుగు మీద కూర్చుండిపోయింది. "ఆడపిల్లా?" అంది.

నాన్న తల ఊపారు.

అమ్మ బతికిందన్న సంతోషం నాకు ఒక్క క్షణమే నిలిచింది. తర్వాత ఆకుల్లేని ఆ పుల్లల వంక చూశాను. చెట్టు బతికింది, అమ్మ బతికింది, రాలింది చెల్లి. లెక్క సరిపోయింది. పదేళ్ళ బుర్రకి అంతకంటే పక్కా లెక్క ఇంకోటి ఉండదు.

అమ్మ వచ్చిన రోజు నాన్న చెయ్యి పట్టుకుని మెట్టెక్కి, గోలెం దగ్గర ఆగింది. చెట్టుకి నేను చేసిందంతా ఏడుస్తూ ఒక్క గుక్కలో చెప్పాను. ఆవిడ విని, నా తల మీద చెయ్యి వేసి, "సర్లే. చెట్టేగా" అంది. ఆ మాటతో నాకు ఇంకా భయం ఎక్కువైంది. చెల్లి నా వల్లే పోయిందని అమ్మకి ఇంకా తెలియలేదనుకున్నాను. తెలియనివ్వకూడదనుకున్నాను.

నెల దాటాక ఒక కణుపు దగ్గర ఎర్రటి మొన కనిపించింది. తర్వాత ఇంకోటి. మళ్ళీ కాయలు కాయడానికి మూడేళ్ళు పట్టింది. నాన్నకి కొత్తపేట బదిలీ అయినప్పుడు గోలెం బండి మీద మాతో వచ్చింది. అక్కడ మెరక నేలలోకి మార్చాక ఏపుగా పెరిగి, నేను టీచరు ట్రైనింగు చదువుతుండగా ఒక గాలివానలో కొబ్బరిచెట్టు విరిగి దాని మీద పడడంతో పోయింది. అమ్మ రెండ్రోజులు దిగులుపడి ఊరుకుంది. చెల్లి పోయిన రెండేళ్ళకి నాకు తమ్ముడు పుట్టాడు, వాడు బాగా పెరిగాడు. ఇవన్నీ జరిగినా నా లెక్క నా దగ్గరే ఉండిపోయింది.

నాకు పెళ్ళై, ఏడో నెలలో పుట్టింటికి వచ్చాను. రోజంతా పొట్ట మీద చెయ్యి వేసుకుని కదలికలు లెక్కపెట్టుకునేదాన్ని. కాసేపు కదలకపోతే లేచి పచార్లు చేసేదాన్ని. ఒక మధ్యాహ్నం అమ్మ నాకు తల దువ్వుతోంది. ఎందుకో ఆ పూట ఇంక ఆపుకోలేకపోయాను.

"అమ్మా, చెల్లిని నేనే చంపేను" అన్నాను.

దువ్వెన ఆగింది. నా లెక్కంతా చెప్పాను. అమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నువ్వు ఎరువు వేసింది ఎప్పుడు?"

"గురువారం."

"ఆ ముందు మంగళవారం నించే అది కదలడం మానేసింది" అంది. "నాకు తెలుసు. ఒకసారి పోగొట్టుకున్నదాన్ని కదా, తెలీకుండా ఉంటాదా?"

"మరి ఎవరికీ చెప్పలేదేంటమ్మా?"

"ఎలా చెప్పనే? చెబితే నిజమైపోద్దని భయం. ఇంకాసేపట్లో కదులుద్దేమో, రేపటికి కదులుద్దేమో అని అలాగే పడుకున్నాను. ఒంట్లో బాగుంటే కదులుద్దని ఆ ఆకులు తెప్పించుకుని వాసన చూసుకునేదాన్ని. జ్వరం వచ్చేదాకా ఎవరికీ చెప్పలేకపోయేను." నా చెయ్యి పట్టుకుని, "పదిహేనేళ్ళు మోసేవా తల్లీ దీన్ని?" అంది.

అప్పుడు నాకు తెలిసింది. అమ్మ అన్నిసార్లు ఆకులు అడిగింది చెట్టు పాడయినందుకు కాదు. పైకప్పు వంక చూస్తూ పడుకుంది నా తప్పుకి కాదు. ఆవిడ లోపల లెక్కపెట్టుకుంటోంది, నేను బయట లెక్కపెట్టుకుంటున్నాను.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఊళ్ళో మా ఇల్లున్న చోట ఇప్పుడు ఎవరిదో రొయ్యల చెరువుందట, నేను వెళ్ళి చూడలేదు. కానీ ఆ వారం మాత్రం నాకు కళ్ళ ముందే ఉంటుంది. అప్పుడు అమ్మకి ముప్పై కూడా లేవు. ఆవిడ మంచం ఆనుకున్న గోడా, నేను గోలెం పక్కన వీపు ఆనించి కూర్చున్న గోడా ఒకటే. జానెడు మట్టిగోడ. దానికి చెరో పక్కా కూర్చుని, ఒకరికి వినపడకుండా ఒకరం ఏడ్చాం.